జాబితాలో పేరు పడితే మోసం రుజువైనట్టేనా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పింఛన్లు, రేషన్ కార్డులు, సబ్సిడీ పథకాల్లో అక్రమాలు జరిగాయంటూ పత్రికల్లో, టీవీల్లో వస్తున్న వార్తలు, వాటి మీద అధికారులు తీసుకుంటున్న చర్యలు మన పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల పాఠకులను గట్టిగానే కదిలించినట్టున్నాయి. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను. రాసినవారి పేర్లు కావాలనే వేయడం లేదు. ఊరు మాత్రం ఇస్తున్నాను.

*మాది దేవరకొండ దగ్గర తండా. మా అమ్మకు 71 ఏళ్లు. మూడు నెలలుగా పింఛను రావడం లేదు. పోయిన నెల జిల్లా పేజీలో "బోగస్ పింఛన్ల ఏరివేత" అని వార్త రాసి మా దగ్గరివాళ్ల పేర్లు ఎనిమిది వేశారు. అందులో అమ్మ పేరు మూడోది. ఆమె చేతికి ఇంతవరకు ఏ కాగితమూ ఇవ్వలేదు. అమ్మ బయటికి రావడమే మానేసింది. ఏం చేయాలి?*

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు సంగతులు ఒకటిగా ముడిపడి ఉన్నాయి. ముందు వాటిని విడదీయాలి. పింఛను ఆగిపోవడం ఒకటి, రద్దు కావడం మరొకటి, మోసం చేసి తీసుకున్నారని తేలడం ఇంకొకటి. వేలిముద్ర పడకపోయినా, కొన్నాళ్లు కొడుకు దగ్గరికి వలస వెళ్లి డబ్బు తీసుకోకపోయినా, ఆధార్‌లో వయసు తేడా ఉన్నా, అదే పేరున్న మరొకరి మరణం పొరపాటున మీ అమ్మగారి ఖాతాకు ఎక్కినా పింఛను ఆగిపోవచ్చు. మన తండాల్లో ఎంతమంది పెద్దవాళ్ల ఆధార్ కార్డులో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుందో మీకు తెలియనిది కాదు. నమోదు చేసినవాడు వాళ్ల ముఖం చూసి వయసు అంచనా వేశాడు, యంత్రం అదే నిజమనుకుంది. ఇది అనర్హత కాదు, మోసం అసలే కాదు. అయినా పత్రిక భాషలో ఇవన్నీ కలిసి "బోగస్" అనే ఒక్క మాట అయిపోతున్నాయి.

చేయవలసింది చెబుతాను. మండలంలో ఎంపీడీవో కార్యాలయానికి (పట్టణమైతే మున్సిపల్ కమిషనర్‌కు) మీ అమ్మగారి పేరుతో దరఖాస్తు రాయండి. పింఛను నిలిపివేశారా, రద్దు చేశారా, ఏ ఉత్తర్వుతో, ఏ తేదీన, ఏ కారణంతో అని నాలుగు ప్రశ్నలు అడగండి. తీసుకున్నట్టు రసీదు ముద్ర వేయించుకోకుండా కదలవద్దు. అదే దరఖాస్తు నకలుతో సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి వెళ్లండి. పింఛన్లు చూసే జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారికి (డీఆర్‌డీవో) అక్కడి నుంచే పంపుతారు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అవే ప్రశ్నలు వేయండి. 30 రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత, పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. ఒక మనిషికి అందుతున్న హక్కును తీసేసే ముందు కారణం చెప్పి, ఆమె మాట వినాలన్నది మన న్యాయస్థానాలు పదేపదే చెప్పిన సూత్రం. నోటీసు లేకుండా రద్దు చేసి ఉంటే ఆ ఒక్క లోపం మీదే మీరు గట్టిగా నిలబడవచ్చు.

పత్రిక సంగతి వేరుగా చూసుకోండి. సంపాదకుడికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసి, వార్త నకలు జతచేసి, సవరణ వేయమని కోరండి. స్పందన లేకపోతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల లోపే చేయాలి కాబట్టి ఆలస్యం చేయకండి. కౌన్సిల్ జరిమానా వేయలేదు, తప్పు పట్టి మందలించగలదు అంతే. అయినా తప్పు జరిగిందని ఒక చట్టబద్ధ సంస్థ కాగితం మీద రాయడం మీ అమ్మగారికి చిన్న విషయం కాదు.

2014 నవంబరులో ఆసరా పేరుతో పింఛన్లు మొదలైనప్పుడు వృద్ధులకు, వితంతువులకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చారు. 2019లో అది 2,016 అయింది. చదివేవాళ్లకు ఆ అంకె చిన్నది కావచ్చు, తండాలో ఒంటరిగా ఉన్న ముసలామెకు ఆ నెల మందులూ ఉప్పూ పప్పూ అన్నీ అదే. మీ అమ్మగారితో నా మాటగా ఒకటి చెప్పండి. పత్రికలో వచ్చింది తీర్పు కాదు. ఆమె తలుపు వేసుకుని కూర్చోవలసిన అవసరం ఏమీ లేదు.

*అనర్హులను ఇప్పుడు కంప్యూటరే గుర్తిస్తోంది కదా. దానికి కులం లేదు, పార్టీ లేదు, బంధువులు లేరు. వీఆర్వో చేతిలో ఉన్నప్పటి కంటే ఇది మేలు కాదా? — డిగ్రీ విద్యార్థి, కల్వకుర్తి*

మీ ఆలోచనలో నిజాయితీ ఉంది. ఒకప్పుడు ఎవరి ఇంటి అరుగు మీద కూర్చుని జాబితా రాశారో ఊరందరికీ తెలిసేది, ఆ కాలం మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ కంప్యూటర్ తానుగా ఏదీ తెలుసుకోదు. వేర్వేరు శాఖల దస్త్రాలను దాని ముందు పోసి, ఈ పేరు ఆ పేరు ఒకటేనా అని మనం అడుగుతాం.

మన తెలంగాణ రాష్ట్రంలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ చేసింది ఈ పనే. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తులు, కరెంటు కనెక్షన్ వంటి వివరాలను కుటుంబాలతో జతచేసి, రేషన్ కార్డుకు అర్హత ఉందో లేదో అంచనా కట్టింది. గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర రూపాయల లోపు ఆదాయం, మూడున్నర ఎకరాల తరి లేదా ఏడున్నర ఎకరాల మెట్ట లోపు భూమి ఉండాలని, నాలుగు చక్రాల సొంత బండి ఉండకూడదని నిబంధన. పేర్లు దగ్గరగా ఉన్న ఇద్దరు మనుషులను యంత్రం ఒకరిగా లెక్కగట్టడంతో రిక్షా తొక్కి బతికిన మనిషి ఇంటికి కారు వచ్చి చేరిన ఉదంతం పత్రికల్లోనే వచ్చింది. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో, అంటే ఇంటికి మనిషిని పంపి, మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ తరువాత కొంతమేర జరిగిన పరిశీలనలోనే 15 వేలకు పైగా దరఖాస్తుదారులు అర్హులేనని తేలింది. ఆ ఏళ్లన్నీ వాళ్లు కోల్పోయిన బియ్యం ఎవరు తిరిగి ఇస్తారు?

పాలమూరు నుంచి వలసలు ఎక్కువ కాబట్టి మనకు ఇంకొక చిక్కు ఉంది. పరిశీలనకు మనిషి ఇంటికి వచ్చే రోజున ఆ కుటుంబం పుణెలోనో ముంబయిలోనో మట్టిపని చేస్తూ ఉంటుంది. తాళం చూసి "ఇంట్లో లేరు" అని రాస్తే, అదే కార్యాలయంలో "ఊళ్లో లేరు" అవుతుంది, జిల్లా కేంద్రానికి చేరేసరికి "అసలు లేనివాళ్లు" అవుతుంది. ఒక్క తాళం కప్ప ఇలా మూడు మెట్లెక్కి బోగస్ కార్డు కావడం నేను దస్త్రాల్లో స్వయంగా చూశాను.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది తల్లిదండ్రులను మోసగాళ్లుగా ముద్రవేసి డబ్బు వెనక్కి కట్టమన్నారు. అది తప్పని తేలాక 2021 జనవరిలో ఆ దేశ మంత్రివర్గమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో ఏడాది ఆదాయాన్ని పదిహేను రోజులకు ఇంతని సగటు కట్టి, భత్యం ఎక్కువ తీసుకుని బకాయి ఉన్నారంటూ లక్షల మందికి నోటీసులు పంపారు. అది చట్టవిరుద్ధమని తేలి సొమ్ము వాపసు ఇవ్వవలసి వచ్చింది, దానిపై రాయల్ కమిషన్ 2023లో నివేదిక ఇచ్చింది. అక్కడ చదువు ఉంది, వకీళ్లు ఉన్నారు, అయినా నిజం బయటికి రావడానికి ఏళ్లు పట్టింది. యంత్రం అనుమానం చెప్పవచ్చు. ఆ అనుమానాన్ని ఒక అధికారి ఇంటికి వెళ్లి చూసి, సంతకం పెట్టి, తన పేరు కింద రాయాలి. నా అభ్యంతరం ఆ సంతకం లేకపోవడం మీదే.

*నేను మండల విలేకరిని. సాయంత్రం అయిదు గంటలకు అధికారుల వాట్సాప్ గ్రూపులో అనర్హుల జాబితా పడుతుంది. ఆరున్నరకు వార్త పంపకపోతే మరో పత్రికలో వస్తుంది, డెస్కు నుంచి మాట పడాలి. ఈ గంటన్నరలో ఎన్ని ఇళ్లకు తిరగగలను? — మునుగోడు ప్రాంతం*

ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. కారణం దాచుకోను.

2011లో నేను ఒక పత్రిక జిల్లా డెస్కులో పనిచేసేవాణ్ని. ఫ్లోరైడ్ ప్రాంతం నుంచి వికలాంగుల పింఛన్లలో అక్రమాలంటూ ఒక వార్త వచ్చింది, దానితో పాటు నీళ్ల బిందె పట్టుకుని నడుస్తున్న ఒక స్త్రీ ఫొటో. అప్పుడు ఆ పింఛను నెలకు 500 రూపాయలు. "నడిచే వికలాంగులు" అని శీర్షిక పెట్టింది నేనే. ఆ రోజు డెస్కులో అందరూ మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను.

పదిహేను రోజులకు ఆ ఊరి ఉపాధ్యాయుడొకరు కార్డు ముక్క రాశారు, ఒకసారి వచ్చి చూడమని. వెళ్లాను. ఆమె గడప దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూడడానికి తల తిప్పలేదు, నడుము నుంచి మొత్తం శరీరాన్ని తిప్పింది. మెడ, వెన్ను కలిసి ఒకే కర్రలా బిగిసిపోయాయి. చేతులు భుజాల పైకి లేవవు. జుట్టు పక్కింటి అమ్మాయి దువ్వుతుందట. బియ్యం డబ్బా కింద నుంచి మా పత్రిక ముక్క తీయించి నాకు చూపించింది. "నడుస్త బిడ్డా, నడవకుంటె నీళ్లెవరు తెస్తరు? ఎనకకు మర్లి సూడుమను, సూడలేను. గది రాయలేదేమి?" అంది. ఆ గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఫ్లోరోసిస్ ఎముకలను బిగించేస్తుందని, ఆ మనిషి నడిచినా వంగలేదని, ఎత్తలేదని, తిరగలేదని నల్లగొండలో పుట్టి పెరిగిన నాకు తెలియక కాదు. ఫొటో చూసినప్పుడు ఆ తెలివి పనిచేయలేదు.

మూడు వారాలకు సవరణ వేశాం, లోపలి పేజీ అడుగున నాలుగు వరుసలు. ఆగిన పింఛను మళ్లీ మొదలు కావడానికి అయిదు నెలలు పట్టిందని తరువాత విన్నాను.

కాబట్టి తమ్ముడూ, నీకు నా జవాబు ఇది. గంటన్నరలో అన్ని ఇళ్లకు తిరగలేవు, నిజమే. అప్పుడు పేర్లు వేయకు. సంఖ్య రాయి. జాబితా ఎవరు తయారు చేశారో, ఏ ఆధారంతో చేశారో, అందులో ఉన్నవాళ్లకు నోటీసులు ఇచ్చారో లేదో ఎంపీడీవోను ఫోనులో అడిగి, చెప్పిన మాట ఆయన హోదాతో రాయి. "బోగస్" అనకుండా "అనర్హులుగా అధికారులు పేర్కొన్న" అని రాస్తే శీర్షికలో రెండు మాటలు ఎక్కువవుతాయి, అంతే. మరునాడు జాబితాలో ఇద్దరి ఇళ్లకు వెళ్లు. రెండో రోజు వార్త మొదటి రోజు వార్త కంటే మంచిదవుతుంది, అది మరే పత్రికలోనూ ఉండదు. డెస్కులో ఎవరైనా కసిరితే ఈ పేజీ చూపించు. వార్తకు ఇంతని లెక్కగట్టి మీ చేతిలో పెట్టేది ఎంత తక్కువో నాకు తెలుసు, ఈ భారమంతా మీ ఒక్కరి మీద వేయడం న్యాయం కాదనీ తెలుసు. సంపాదకులు ఈ నియమం రాతపూర్వకంగా పెట్టాలి.

*మీరు ప్రతిసారీ పేదల తరఫున కన్నీళ్లు పెడతారు. మా కళ్ల ముందే రేషన్ బియ్యం ఆటోల్లో పోతున్నాయి. దొంగలను దొంగలనకుండా ఇంకేమనాలి? — మిర్యాలగూడ*

దొంగతనాన్ని దొంగతనమనే అనాలి. పథకాల సొమ్ము దారి మళ్లడం కట్టుకథ అని నేను ఎన్నడూ రాయలేదు. మీ ఊరు బియ్యం మిల్లులకు పెట్టింది పేరు కాబట్టి ఆ దారి నాకంటే మీకే బాగా తెలుసు. దొడ్డు బియ్యం తినలేని ఇల్లు కిలోకు పదో పన్నెండో రూపాయలకు గుమ్మంలోనే అమ్ముకుంటుంది. ఆ బియ్యాన్ని ఒకడు ఊరూరా పోగుచేస్తాడు, ఇంకొకడు డంపు చేస్తాడు, మరొకడు లారీ పెడతాడు. చివరికి అది మిల్లులో పాలిష్ అయి ప్రభుత్వానికే తిరిగి చేరడాన్ని రీసైక్లింగ్ అంటారు. పట్టుబడితే నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు (సరుకు జప్తు) పెడతారు. వార్తలో మాత్రం ఎవరు కనబడతారు? ఆటో డ్రైవరు, పది బస్తాలు, చుట్టూ నిలబడిన పోలీసులు. బస్తాలు ఏ మిల్లుకు పోతున్నాయన్న వాక్యం తరచుగా ఉండదు. ఆరు నెలల తరువాత ఆ కేసు ఏమైందన్న వార్త ఇంకా అరుదు.

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పంపిణీ మొదలుపెట్టారు. తినే బియ్యం ఇస్తే అమ్ముకునే అవసరం తగ్గుతుందన్నది దాని వెనుక ఆలోచన. అమ్ముకున్న ఇంటి మీద కేసు పెట్టడం కంటే ఇది ఎంతో తెలివైన దారి అని నా అభిప్రాయం.

గొర్రెల పంపిణీ సంగతి కూడా గుర్తుచేసుకోండి. గొల్ల కురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు 75 శాతం సబ్సిడీతో ఇచ్చే పథకం 2017లో వచ్చింది. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదికలో, గొర్రెలను తెచ్చినట్టు చూపిన వాహనాల నంబర్లలో కొన్ని మోటారు సైకిళ్లవి, ఆటోలవి, అంబులెన్సులవి అని ఉంది. ఏడు జిల్లాల తనిఖీలోనే 250 కోట్ల రూపాయలకు పైగా నష్టం లెక్కతేలింది. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) కొందరు అధికారులను అరెస్టు చేసింది. నిందితుల దోషం న్యాయస్థానంలో తేలాలి, అప్పటిదాకా వాళ్ల విషయంలోనూ నేను "ఆరోపణ" అనే మాటే వాడతాను. కానీ గమనించండి, ఒక మోటారు సైకిలు మీద ఒక ట్రిప్పులో గొర్రెల మంద వచ్చిందని బిల్లు రాయడం గొల్లాయన చేతిలో ఉన్న పని కాదు. బిల్లు రాసినవాడు, పాస్ చేసినవాడు, చెల్లింపు విడుదల చేసినవాడు కార్యాలయంలో ఉంటారు. పెద్ద మోసానికి సంతకాలు కావాలి. మీ కోపం న్యాయమైనదే, దానిని ఆ సంతకాల దాకా తీసుకెళ్లమనే అడుగుతున్నాను.

*మా అబ్బాయి అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటాడు. అక్కడ సోమాలీలు ప్రభుత్వ సొమ్ము కాజేశారని టీవీల్లో చూపిస్తున్నారట. నిజమేనా? — సూర్యాపేట*

మోసం జరిగిన మాట నిజం, "సోమాలీలు" అన్న మాట దగ్గరే ఆగాలి. కోవిడ్ కాలంలో పేద పిల్లలకు భోజనం పెట్టే కేంద్ర నిధులను మిన్నెసోటాలో ఫీడింగ్ అవర్ ఫ్యూచర్ అనే సంస్థ ద్వారా కాజేశారని 2022 సెప్టెంబరులో 47 మందిపై అభియోగాలు మోపారు. సొమ్ము 25 కోట్ల డాలర్లని చెప్పారు. తరువాత నిందితుల సంఖ్య 70 దాటింది, అనేకమంది నేరం ఒప్పుకున్నారు. నిందితుల్లో ఎక్కువమంది సోమాలీ మూలాలవారు. ఆ సంస్థను స్థాపించి నడిపిన ఎయిమీ బాక్ శ్వేతజాతి స్త్రీ, 2025 మార్చిలో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. ఆ రాష్ట్రంలో సోమాలీ మూలాలవారు వేల సంఖ్యలో కాదు, అనేక పదుల వేలల్లో ఉన్నారు. ఈ కేసులో డెబ్బయి చిల్లర మంది మీద మోపిన నేరాన్ని అంతమందికి అంటగట్టడం వార్త కాదు.

అధికారుల వైపు కూడా చూడాలి. అనుమానం వచ్చి విద్యాశాఖ ప్రశ్నించినప్పుడు ఆ సంస్థ వివక్ష చూపుతున్నారంటూ కోర్టుకెక్కింది. శాఖకు ఉన్న అధికారాలను సరిగా వాడుకోలేదని 2024లో అక్కడి శాసనసభ ఆడిటర్ నివేదిక తప్పుపట్టింది. వివక్ష అనే మాటను కవచంగా వాడిన మోసగాళ్లూ, మోసం అనే మాటను ఒక జాతి మీద ఆయుధంగా వాడినవాళ్లూ ఇద్దరూ నిజంగా బతకడానికి కష్టపడే కుటుంబాలకే హాని చేశారు. ఒకరిద్దరు తెలుగువాళ్లు వీసా విషయంలో తప్పుచేసి పట్టుబడినప్పుడు మన పిల్లలందరినీ అనుమానంగా చూస్తే మనకెలా ఉంటుందో మీ అబ్బాయిని అడగండి.

*పేర్లు పత్రికలో వేయకూడదంటున్నారు. మరి సామాజిక తనిఖీలో లబ్ధిదారుల పేర్లు, డబ్బు గ్రామపంచాయతీ గోడ మీద రాస్తారు, గ్రామసభలో చదువుతారు. అది తప్పు కాదా? పైగా తనిఖీల్లో తేలిన సొమ్ములో వసూలయ్యేది కొంతే. — అచ్చంపేట*

చాలా మంచి ప్రశ్న. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను అడగకుండానే ప్రజలకు అందుబాటులో ఉంచాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనుల సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. ఆ చట్టం 2006లో మొదట అమలైన జిల్లాల్లో మన రెండు జిల్లాలూ ఉన్నాయి, దేశం మన తనిఖీ బృందాల పనిని చూసి నేర్చుకుంది. ఆ పేర్లు గోడ మీద ఉండాలనే నేను అంటాను.

తేడా ఎక్కడుందంటే, గోడ మీద ఉన్నది పేరు, పనిదినాలు, సొమ్ము మాత్రమే. దోషం ఏదీ రాసి ఉండదు. చదివేటప్పుడు ఆ మనిషి అక్కడే కూర్చుని ఉంటుంది, పనుల హాజరు రాసే ఫీల్డ్ అసిస్టెంటూ ఎదురుగా ఉంటాడు. నాగర్‌కర్నూల్ వైపు ఒక ఊళ్లో నేను చూసిన గ్రామసభ చెబుతాను. తనిఖీ బృందంలోని అమ్మాయి మస్టరు (హాజరు పట్టీ) చూసి ఒకామె పేరు, 12 రోజులు, ఇంత సొమ్ము అని చదివింది. ఆమె చెట్టు కింద నుంచి లేచి, "నేను పోయింది ఆరు దినాలే, మిగతా ఆరు దినాలు మా ఆడబిడ్డ పెండ్లికి పోయిన, ఆ పైసలు నాకు రాలే" అంది. ఫీల్డ్ అసిస్టెంటు జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. అమ్మాయి ఆ మాటను ఆమె మాటగానే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించింది. అదే మస్టరు ముందురోజు ఒక విలేకరి చేతికి చిక్కి ఉంటే, పనికి పోకుండా ఆరు రోజుల కూలి మింగినామెగా ఆమె పేరే పత్రికకు ఎక్కేది.

తనిఖీల్లో తేలిన సొమ్ములో వసూలయ్యేది కొంతే అన్న మీ రెండో ఫిర్యాదు కూడా సరైనదే. మీ మండలంలో గత తనిఖీ నివేదికలో ఎవరి నుంచి ఎంత వసూలు చేయాలని రాశారో, ఇప్పటికి ఎంత వచ్చిందో సమాచార హక్కు కింద అడగండి. మండల కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము అయిదు రూపాయలు. జవాబు వచ్చాక నాకు నకలు పంపండి, ఈ పేజీలోనే వేస్తాను.